'ఎ క్వైట్ ప్లేస్' చిత్రంలో మనుగడ వ్యూహాలు: ఒక పరిశీలన

జాన్ క్రసిన్‌స్కీ దర్శకత్వంలో 2018లో వెలువడిన 'ఎ క్వైట్ ప్లేస్' చిత్రంలో, శబ్దాన్ని బట్టి వేటాడే అంధజీవుల నడుమ అబట్ కుటుంబం మనుగడ సాగిస్తుంది. దారులపై ఇసుక పరచడం, చప్పుడు చేయని నేలపలకలకు రంగుతో గుర్తులు పెట్టడం, పుట్టబోయే శిశువుకై ప్రాణవాయువు అమర్చిన పెట్టెను సిద్ధపరచడం వంటివాటిని తండ్రి లీ దూరదృష్టికి నిదర్శనాలుగా భావించడం సహజం. (హోరెత్తే జలపాతం చెంత నిర్భయంగా మాట్లాడుకోవచ్చునని తెలిసినవారు అక్కడే ఎందుకు నివసించరన్న ప్రశ్నకు మాత్రం చిత్రంలో సమాధానం లేదు.)

అయితే ఈ ఏర్పాట్లన్నిటికన్న ముందు ఆ ఇంట ఉన్నది సంకేతభాష. అది విపత్తు నేర్పిన విద్య కాదు. బధిరురాలైన కుమార్తె రీగన్ మూలంగా వారికి అలవడినది. 2021లో విడుదలైన రెండవ భాగంలోని తొలినాటి దృశ్యం దీనిని ధ్రువపరుస్తుంది. వైకల్యంగా ఎంచబడినదే కుటుంబానికి రక్షణ కాగా, లీ మాత్రం ఆమెకు వినికిడి తెప్పించే యంత్రాలకై శ్రమిస్తాడు. ఆ పని జరిగే నేలమాళిగలోనికి ఆమెనే రానీయడు. ఈ వైరుధ్యమే చిత్రానికి ప్రాణమని నా అభిప్రాయం. వినికిడినీయలేకపోయిన ఆ యంత్రపు రొదయే తుదకు జీవులను నిర్వీర్యం చేస్తుంది. రీగన్ ఆ సంగతి గ్రహించేది తనకు ప్రవేశం లేని ఆ గదిలోనే.