లేసు సూది పిల్లల చేతికి

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి పని తెమిలాక ఆడవాళ్లు అరుగుల మీద చేరి లేసు అల్లుతారు. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని గోదావరి డెల్టాలో తల్లి నుంచి కూతురికి చేరుతూ వచ్చింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అది నరసాపురం లేసు అన్న పేరును కాపాడుతుంది. పనిని మాత్రం ఎవరో ఒకరు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాల్సిందే.

నేర్పేటప్పుడు ముందు కుదరాల్సింది ఎడమ చెయ్యి. కుడిచేతిలో కొక్కెం మొన సూది చకచకా ఆడుతుంటే చూసేవాళ్ల కళ్లన్నీ దాని మీదే ఉంటాయి. పనితనం ఉండేది రెండో చేతిలో. దారాన్ని చిటికెన వేలికి ఓ చుట్టు చుట్టి, చూపుడు వేలి మీదుగా తెచ్చి, అల్లికను బొటనవేలితో, మధ్యవేలితో పట్టుకోవాలి. దారం ఎంత జారాలో చూసుకునేది ఆ చిటికెన వేలే. బిగిస్తే సూది దూరదు, వదిలేస్తే అల్లిక వదులై ఆకారం నిలవదు. ఇది నోటితో చెబితే రాదు. పెద్దామె తన చెయ్యి పిల్ల చేతి మీద వేసి దారం లాగి చూపించాలి.

తర్వాత గొలుసు. ఉచ్చులోంచి ఉచ్చు లాగడమే, ఇంకేమీ లేదు. కన్నాలన్నీ ఒకే తీరుగా వచ్చేదాకా బారలకొద్దీ గొలుసు అల్లించి, విప్పించి, మళ్లీ అల్లించాలి. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి 60 నంబరు దారం పసివాళ్లకు వద్దు. లావు సూది, ఊలు ఇచ్చి పగటి వెలుతురులో కూర్చోబెడితే కళ్లకు శ్రమ ఉండదు.

ఈ పని పిల్లలకు ఇంతగా నప్పడానికి నాకు తోచే కారణం ఒకటుంది. గుడ్డను తప్పు కత్తిరిస్తే అంతే సంగతులు. లేసులో సూది మీద సాధారణంగా ఒక్క ఉచ్చే మిగిలి ఉంటుంది. తప్పు పోతే సూది తీసి దారం లాగితే చాలు, తప్పు దగ్గరికి వెళ్లి ఆగవచ్చు. దారం వృథా కాదు, తిట్లు తినక్కర్లేదు. భయం లేని చోట పిల్లలు తమ తప్పు తామే వెతుక్కుంటారు.

గొలుసు కొసలు కలిపి చిన్న చుట్టు చేశాక అసలు చదువు మొదలవుతుంది. అందులో పొడుగు అల్లికలు 12 వెయ్యాలి. రెండో వరసకు 24, మూడో వరసకు 36. ఇలా పెంచితేనే బిళ్ల చదునుగా పరుచుకుంటుంది. తగ్గితే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పడుతుంది. వృత్తం వెడల్పయ్యేకొద్దీ చుట్టుకొలత ఎంత పెరగాలో బడిలో సూత్రం రాకముందే వేళ్లకు తెలిసిపోతుంది. పాత బిళ్ల చేతికిచ్చి, లెక్కపెట్టుకుని అలాంటిదే అల్లమంటే ఇంకా మంచిది. కాగితం మీద నమూనా లేకుండా డిజైన్లు ఇళ్లలో నిలిచింది ఆ చూపుతోనే.

వ్యాపారం ఈ పనిని ముక్కలు చేసింది. పూలు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది, కాజాకుట్టు మరొకరిది. సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో తెచ్చిన పుస్తకం నరసాపురం లేసు ఎగుమతుల వెనక ఇళ్లలోని ఆడవాళ్లు ఎంత తక్కువ కూలికి పనిచేశారో చూపించింది. ఆడపిల్లలూ చిన్నప్పుడే ఆ పనిలో కూర్చున్నారు. అందుకే నాకో పట్టుదల. పిల్లలకు లేసు నేర్పాలి, పిల్లలతో కూలికి లేసు అల్లించకూడదు. నేర్పేది కూడా పువ్వు దగ్గర ఆపకుండా అతుకు, అంచు, ఉతికి గంజి పెట్టి పరచడం దాకా పూర్తిగా నేర్పాలి. మొత్తం వస్తువు తయారుచేయగలిగిన మనిషే దానికి ధర అడగగలదు. మగపిల్లలకూ నేర్పాలి, వాళ్లకూ పది వేళ్లున్నాయి.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వాళ్లకు పుస్తకాల సంచి లేని 10 రోజులు కేటాయించి, స్థానిక చేతివృత్తుల వాళ్ల దగ్గర పని నేర్చుకోమంది. నరసాపురం వైపు బడుల్లో ఆ రోజుల్లో లేసు అల్లే పెద్దవాళ్లను పిలవాలి. పిలిచి, టీచరుకిచ్చే కుర్చీ వేసి, బిళ్లల లెక్కన కాకుండా పాఠం చెప్పినందుకు డబ్బు ఇవ్వాలి.