ఆ అరగంట పనితనం

కెమెరా ముందు ముప్పై ఏళ్ళు దాటిన ఒక స్త్రీ కూర్చుంది. విడాకులయ్యాయి, ఇంట్లో తొమ్మిదేళ్ళ కూతురుంది. ఆ పిల్ల ఒకరోజు సూటిగా అడిగేసింది, నాన్నతో విడిపోయాక నువ్వు ఇంకెవరితోనైనా గడిపావా అని. తల్లి లేదంది. అది అబద్ధం. అప్పట్నుంచి ఆమెకు మనసు మనసులో లేదు. నిజం చెబితే పిల్ల ఏమైపోతుందో, చెప్పకపోతే తనేమైపోతుందో తెలియడం లేదు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండని ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని అడుగుతోంది.

ఆ పెద్దమనిషి థెరపిస్టు కార్ల్ రోజర్స్. ఎవరెట్ షోస్ట్రమ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తీయించి 1965లో విడుదల చేసిన 'త్రీ అప్రోచెస్ టు సైకోథెరపీ'లో ఇది మొదటి భాగం. ఒకే మనిషి పేరున్న ముగ్గురు థెరపిస్టుల దగ్గర వరసగా కూర్చుంటే ఏం జరుగుతుందో చూపడమే ఇందులోని ఆలోచన. రోజర్స్ తర్వాత ఫ్రిట్జ్ పెర్ల్స్, ఆయన తర్వాత ఆల్బర్ట్ ఎల్లిస్. ఆ స్త్రీని లోకం గ్లోరియా అనే పేరుతోనే గుర్తుపెట్టుకుంది. థెరపీ పద్ధతుల గురించి నేను చదివిన పుస్తకాలన్నీ కలిపి చెప్పలేనిది ఈ ఫిల్ము చెప్పింది. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోలేక ఎవరైనా సలహా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే.

రోజర్స్ ఆమె ప్రశ్నకు జవాబు చెప్పడు. మన ఇళ్ళల్లో కష్టం చెప్పుకుంటే పెద్దవాళ్ళు వెంటనే ఒక మాట తేల్చేస్తారు, చెప్పెయ్యమనో, ఊరుకోమనో. గ్లోరియా కోరుకుంటున్నదీ అదే. ఒకసారి కాదు, తిప్పి తిప్పి అడుగుతుంది. మీరు ఊరికే కూర్చుని నన్నిలా ఉడికిపోనిస్తారా అన్నంత దాకా వెళ్తుంది. ఇక్కడ రోజర్స్ పనితనాన్ని దగ్గరగా చూడాలి. తప్పించుకోడు, పాఠమూ చెప్పడు. ఇది మరీ సొంత విషయం, మీ తరఫున నేను జవాబివ్వలేను, కానీ మీ జవాబు మీకు దొరికేదాకా తోడుంటాను అనే అర్థంలో మాట్లాడతాడు. ఇదే మాట ఇంకెవరైనా అంటే తలుపు వేసినట్టు ఉండేది. రోజర్స్ ముందుకు వంగి, తొందరేమీ లేకుండా, ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండా అంటాడు. నిరాకరణకు కూడా ఇంత ఆప్యాయత ఉండగలదని నాకు తెలిసింది అక్కడే.

ఆ తర్వాత ఆమె చెప్పిన వాక్యాన్ని తీసుకుని, అందులో ఆమె కూడా గమనించని మాటను పైకి తెస్తాడు. ఆమె పిల్ల గురించి మాట్లాడుతుంటే, పిల్ల సంగతి అలా ఉంచి, మీరు చేసే పనుల్ని మీరే ఒప్పుకోలేకపోతున్నట్టుంది కదా అని మెల్లగా అక్కడికి వస్తాడు. ఒక చోట గ్లోరియా, తన మనసుకు తోచిన దారిలో నడిచినప్పుడు లోపల ఏ పేచీ లేకుండా అంతా ఒక్కటైనట్టు ఉంటుందని అంటుంది. నోట్లోంచి జారిపోయిన మాటలాగే అంటుంది. రోజర్స్ దాన్ని జారిపోనివ్వడు, అక్కడే ఆగుతాడు. అరగంటలో అన్నీ పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఏది వదిలెయ్యాలో, ఏది పట్టుకోవాలో తెలియడమే ఈ పనిలో చేయి తిరగడమంటే.

ఇది తెలుగులో చెయ్యాలంటే ఇంకొంచెం ఒడుపు కావాలనిపిస్తుంది. ఎదుటివాళ్ళ మాటను తిరిగి వాళ్ళకే వినిపించాలంటే 'అంటే' అని మొదలుపెట్టాలి. మనకు 'అంటే?' అన్నది నిలదీసే మాట కూడా. గొంతు కాస్త పైకి లేస్తే చాలు, విన్నట్టు కాకుండా విచారణ చేసినట్టు ఉంటుంది. మంచి తెలుగు థెరపిస్టు ఆ ఒక్క మాటను ఎంత కిందకు దించి పలుకుతాడో వినాలి.

పెర్ల్స్ దగ్గర కథ పూర్తిగా మారుతుంది. గెస్టాల్ట్ థెరపీని నిలబెట్టిన ఈ జర్మన్ డాక్టరు గ్లోరియా చెప్పే కథ మీద దృష్టి పెట్టడు, ఆ క్షణంలో ఆమె శరీరం చేస్తున్నది చూస్తాడు. భయంగా ఉందని ఆమె అంటే, భయమేస్తే నవ్వుతున్నారేమని అడుగుతాడు. కాళ్ళు ఊపుతుంటే, మీ కాళ్ళేం చేస్తున్నాయో చూడమంటాడు. నటిస్తున్నారని ముఖం మీదే అంటాడు. ఆమెకు ఒళ్ళు మండుతుంది, మీకు నా మీద గౌరవం లేదంటుంది. ఆయనకు కావలసింది ఆ కోపమే. మూలన ముడుచుకుని కూర్చోవాలనిపిస్తోందన్న ఆమె, మూల వదిలి ఎదురు తిరిగింది. నాకు పెర్ల్స్ తీరు నచ్చదు, ఆ మాటల్లో కొన్నింటిని ఏ గదిలోనూ వినాలని లేదు. కానీ ఆయన కన్ను అసాధారణమైనదని ఒప్పుకోక తప్పదు.

ఎల్లిస్ ఎక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చెప్పాలని తొందరపడతాడు కూడా. నచ్చిన మగవాడు ఎదురైతే బెదిరిపోయి తనలా తను ఉండలేకపోతున్నానని గ్లోరియా ఆయనకు చెబుతుంది. భయానికి కారణం ఆ మగవాడు కాదు, అతను కాదంటే నా పని అయిపోయినట్టేనని మీలో మీరు అనుకునే వాక్యమే అని ఎల్లిస్ అంటాడు. ఆ వాక్యాన్ని పట్టుకుని వాదించాలి, ఆపైన వెళ్ళి నిజంగా మాట్లాడి చూడాలి. అంటే హోంవర్కు అన్నమాట. ఎల్లిస్ 1955 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ దారీ, 1960లలో ఆరన్ బెక్ డిప్రెషన్ మీద చేసిన పనీ కలిసి ఇవాళ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని మనం వినేదానికి పునాది అయ్యాయి.

ముగ్గురూ ఒకే మనిషిని చూశారు. ఒకరు ఆమె మాటల్లోని బాధను విన్నారు, ఒకరు ఊగే కాళ్ళను చూశారు, ఒకరు మనసులో తిరిగే వాక్యాన్ని పట్టుకున్నారు. థెరపిస్టును వెతికేటప్పుడు నేను చూడమనేది ఇదే. ఈ మనిషి నాలో ఏం వింటున్నాడు? విన్నది నాకు పనికొస్తోందా? బోర్డు మీద రాసిన పద్ధతి పేరు ఆ తర్వాతి సంగతి. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో థెరపిస్టుకూ వచ్చినవాళ్ళకూ మధ్య ఉండే బంధాన్ని విడదీసి చూపాడు: ఎక్కడికి చేరాలో ఇద్దరూ ఒప్పుకోవాలి, అందుకు ఏం చెయ్యాలో ఒప్పుకోవాలి, ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరాలి. అంతకు చాలా ముందే, 1936లో, సాల్ రోసెన్‌జ్వైగ్ అనే మరో మనస్తత్వవేత్త వేర్వేరు పద్ధతుల వెనక పనిచేసే శక్తులు చాలావరకు ఒకటే కావచ్చన్నాడు. పద్ధతితో పని లేదని కాదు. ఇల్లు కదలనివ్వని భయాలకూ, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే ఓసీడీకీ భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం నేర్పే పద్ధతి తెలిసినవాళ్ళే కావాలి.

కాబట్టి మొదటి రోజే అడగడానికి మొహమాటపడకూడదు. ఎక్కడ చదివారు, నాలాంటి ఇబ్బందితో వచ్చినవాళ్ళతో ఎలా పనిచేస్తారు, మెరుగవుతున్నట్టు మనకెలా తెలుస్తుంది అని అడగాలి. మంచి థెరపిస్టు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. మన దేశంలో మందులు రాసేది డాక్టరైన సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడం తప్పేమీ కాదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళందరి చదువూ ఒకటి కాదు. ఎవరిని కలవాలో కూడా తోచనంత ఇబ్బందిలో ఉంటే, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఫిల్ము చివర గ్లోరియాను అడిగారు, ఇప్పుడు ఈ ముగ్గురిలో ఎవరి దగ్గరికి వెళ్తారని. పెర్ల్స్ దగ్గరికంది. మొదటిసారి విన్నప్పుడు నేను నిర్ఘాంతపోయాను. తర్వాత అర్థమైంది, ఆ రోజుకు ఆమెకు తనతో పోట్లాడే మనిషి అవసరమనిపించి ఉంటుంది. ఆ ఎంపిక ఆమెది, నాది కాదు.

రోజర్స్ భాగం చివర్లో ఒక క్షణం ఉంది. ఇలా మాట్లాడుతుంటే మా నాన్నతో ఎప్పుడూ ఇలా మాట్లాడలేకపోయానే అనిపిస్తోంది, మీలాంటి నాన్న ఉంటే బాగుండేదని గ్లోరియా అంటుంది, కళ్ళు తడుస్తాయి. పద్ధతి నేర్చుకున్న మామూలు థెరపిస్టయితే అక్కడ తండ్రి గురించి విశ్లేషణ మొదలుపెట్టేవాడు. రోజర్స్, నాకు మీరు మంచి కూతురిలాగే కనిపిస్తున్నారని అంటాడు. ఒక్క వాక్యం. ఆ వెంటనే, సొంత తండ్రితో మనసు విప్పలేకపోయిన బాధ దగ్గరికి ఆమెను మళ్ళీ తీసుకెళ్తాడు. ఆప్యాయత ఇచ్చాడు, ఆమె దుఃఖాన్ని మాత్రం దానితో కప్పెయ్యలేదు.

ఏడాది తర్వాత ఒక సదస్సులో కలిసినప్పుడు రోజర్స్ దంపతులతో కలిసి గ్లోరియా భోజనం చేసింది. మిమ్మల్నిద్దరినీ మనసులో తల్లిదండ్రులుగా అనుకుంటే మీకేమైనా అభ్యంతరమా అని అడిగింది. అభ్యంతరం లేదన్నారు. 1979లో చనిపోయేదాకా ఆమె అప్పుడప్పుడూ ఆయనకు ఉత్తరాలు రాస్తూనే ఉంది.