పరలోకంలో పై అంతస్తు ఎవరిది?

కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక పన్నెండో అధ్యాయంలో పౌలు ఒక సంగతి మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తాడు. పద్నాలుగేళ్ల కిందట ఒక మనిషి మూడవ ఆకాశం దాకా వెళ్లొచ్చాడట. శరీరంతో వెళ్లాడో, శరీరం లేకుండా వెళ్లాడో చెప్పలేనంటాడు. అక్కడ విన్న మాటలు మనుషులు పలకకూడనివంటాడు. ఆ వెళ్లొచ్చింది పౌలేనని చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కానీ ఆ చోటు ఎలా ఉంటుంది, అక్కడ ఎవరున్నారు, దాని పైన ఇంకేమైనా ఉందా అన్నదాని మీద ఒక్క ముక్క లేదు. క్రైస్తవులు దాదాపు రెండు వేల ఏళ్లుగా ఆ ఖాళీని పూరిస్తూనే ఉన్నారు.

మన సంఘాల్లో బోధకులు చెప్పే లెక్క తేలికైనదే. పక్షులు ఎగిరేది మొదటి ఆకాశం, సూర్యచంద్రులూ నక్షత్రాలూ ఉండేది రెండోది, దేవుని సింహాసనం ఉండేది మూడోది. ఈ లెక్కలో ఆకాశాలు మూడైనా విశ్వాసులు చేరే పరలోకం ఒక్కటే. అసలు పేచీ ఆ ఒక్కదాని లోపల హెచ్చుతగ్గులున్నాయా అన్న దగ్గర వస్తుంది. ఏడు ఊర్ధ్వలోకాల మాట వింటూ పెరిగిన తెలుగువాళ్లకు పైన అంతస్తులుండటం కొత్తేమీ కాదు. అయితే పురాణాల స్వర్గంలో పుణ్యం ఖర్చయిపోతే మళ్లీ కిందికి రావచ్చు. క్రైస్తవ పరలోకంలో ఆ రాకపోకలు లేవు. ఒకసారి దక్కిన చోటు ఇక ఎప్పటికీ అదే. కాబట్టి నా చోటు ఎక్కడ, పక్కింటాయన చోటు ఎక్కడ అన్న బెంగ అక్కడ మరీ ఎక్కువ.

ఆ బెంగను కథలుగా చెప్పినవాళ్లు తొలి శతాబ్దాల్లోనే ఉన్నారు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర దొరికిన కోప్టిక్ గ్రంథాల్లో ఒకటి పౌలును ఏకంగా పదో ఆకాశం దాకా తీసుకుపోతుంది. నాలుగో ఆకాశంలో సుంకరి కూడా ఉంటాడు! పన్ను వసూలు మనిషిని అక్కడ దాకా వెంటాడటం రోమా సామ్రాజ్యంలో బతికినవాళ్లకే తట్టే ఊహ.

ఈ కోవలో నాకు అన్నిటికన్నా నచ్చింది 'యెషయా ఆరోహణం'. మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదట్లోనో పుట్టిన రచన ఇది. పూర్తి పాఠం ఇథియోపియా క్రైస్తవుల గీజ్ భాషలోనే మిగిలింది. ఒక దేవదూత యెషయా ప్రవక్తను చెయ్యి పట్టుకుని ఏడు ఆకాశాల గుండా తీసుకువెళ్తాడు. కింది ఆకాశాల్లో ఏర్పాటంతా రాజదర్బారు పద్ధతి. మధ్యలో సింహాసనం, కుడివైపు గొప్ప దూతలు, ఎడమవైపు కాస్త తక్కువవాళ్లు. కుడివైపువాళ్ల పాటకూ ఎడమవైపువాళ్ల పాటకూ కూడా తేడా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ వెలుగు పెరుగుతుంది, యెషయా ముఖమే మారిపోతూ ఉంటుంది. ఇక్కడిదాకా ఎవరైనా ఊహించగలిగినదే. ఆరో ఆకాశంలో అడుగుపెట్టేసరికి వరస తిరగబడుతుంది. అక్కడ మధ్యలో సింహాసనం లేదు, ఎడమ పక్క అనేదే లేదు. అందరిదీ ఒకే రూపం, ఒకే స్తుతి. యెషయా అలవాటు కొద్దీ దూతను 'నా ప్రభువా' అని పిలిస్తే, నేను నీ ప్రభువును కాను, నీ తోటివాణ్ణి అంటాడు దూత. వెనక్కి తిరిగి చూసుకుంటే దాటివచ్చిన ఐదు ఆకాశాల వెలుగు చీకటిలా తోస్తుంది.

కథ అక్కడితో అయిపోదు. ఏడో ఆకాశం నుంచి క్రీస్తు భూమికి దిగివస్తాడు. ఐదో ఆకాశం దగ్గర మొదలుపెట్టి ఒక్కో ఆకాశంలోనూ అక్కడి దూతల రూపమే ధరిస్తాడు కాబట్టి ఎవరూ పోల్చుకోరు, ఎవరూ స్తుతించరు. మూడో ఆకాశం ద్వారం దగ్గర కావలివాళ్లు గుర్తుమాట అడుగుతారు, మామూలువాడిలా చెప్పి లోపలికి వస్తాడు. ఎక్కడం దేవదూత సాయంతో ప్రవక్త చేసే పని, దిగడం దేవుడు తనంతట తాను చేసే పని. ఏడు ఆకాశాల మెట్లు కట్టిన రచయితకు ఆ దిగడం చూపించడమే ముఖ్యమని నాకనిపిస్తుంది.

తర్వాతి తరాల వేదపండితులకు ఇంత సున్నితత్వం లేదు. 4వ శతాబ్దం చివర రోమ్‌లో జోవీనియన్ అనే సన్యాసి, బాప్తిస్మాన్ని చెడగొట్టుకోకుండా నిలుపుకున్నవాళ్లందరికీ పరలోకంలో బహుమానం ఒక్కటేనన్నాడు. ద్రాక్షతోట ఉపమానంలో పొద్దున వచ్చిన కూలీకీ, పొద్దుగూకే ముందు వచ్చిన కూలీకీ అదే దేనారం కదా! పోపు సిరిసియస్ ఆయన్ని సంఘం నుంచి వెలివేశాడు, మిలాన్‌లో బిషప్ ఆంబ్రోస్ కూడా అదే చేశాడు. 393లో జెరోమ్ రెండు భాగాల ఖండన రాశాడు. విత్తువాని ఉపమానంలో ముప్పదంతలు పెళ్లయినవాళ్లకు, అరువదంతలు విధవలకు, నూరంతలు కన్యలకు అన్నది ఆయన పంపకం. పెళ్లిని ఎంత తక్కువ చేసి రాశాడంటే, రోమ్‌లో ఉన్న ఆయన స్నేహితుడు పమ్మాకియస్ ఆ ప్రతుల్ని జనంలోంచి వెనక్కి లాగడానికి నానా తంటాలు పడ్డాడు. అగస్టీన్ మాత్రం 'దేవుని నగరం' చివర్లో సామరస్యంగా తేల్చాడు. తరతమాలుంటాయి, అసూయ ఉండదు. తక్కువ వరం పొందినవాడికి ఇంకా కావాలనిపించకపోవడమనే మరో వరం కూడా దక్కుతుందన్నాడు. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ కూడా, దేవుణ్ణి అందరూ చూస్తారు గానీ కొందరు ఎక్కువ పరిపూర్ణంగా చూస్తారనే నిర్ణయించింది.

అగస్టీన్ చెప్పినదాన్ని మనుషుల ముఖాలతో చూపించినవాడు ఇటలీ కవి దాంతే. 1321లో తాను చనిపోయే ముందు ముగించిన 'పారదీసో' కావ్యంలో పది ఆకాశాలున్నాయి. చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు, అంగారకుడు, బృహస్పతి, శని, ఆపైన నక్షత్ర మండలం, దాని పైన అన్నిటినీ తిప్పే గోళం, చివర స్థలమూ కాలమూ లేని శుద్ధమైన వెలుగు. నాటి ఖగోళశాస్త్రాన్ని ఆయన ఎంత శ్రద్ధగా వాడుకున్నాడో చూడండి. భూమి నీడ శుక్రగోళం దాకా పోతుందని అప్పట్లో నమ్మేవాళ్లు. అందుకని ఆ నీడ పడే మూడు గోళాల్లోనూ ఏదో ఒక లోపం అంటిన పుణ్యాత్ముల్ని పెట్టాడు.

అన్నిటికన్నా కింద, చంద్రుడి మీద, పికార్దా దొనాతి కనిపిస్తుంది. ఫ్లోరెన్స్ అమ్మాయి, దాంతే భార్య వైపు చుట్టం. కన్యాశ్రమంలో చేరిన ఆమెను అన్న కోర్సో రాజకీయ లాభం కోసం బయటికి ఈడ్చి పెళ్లి చేశాడు. మాట నిలబెట్టుకోలేకపోయింది కాబట్టి కింది మెట్టు. దాంతే అడగనే అడుగుతాడు: ఇంకా పైకి వెళ్లాలని మీకు ఉండదా? ఆమె చిరునవ్వు నవ్వి, అలా కోరుకుంటే మా కోరికకూ దేవుని చిత్తానికీ పొత్తు కుదరదు కదా అంటుంది. తర్వాతి సర్గలో, దాంతేకు దారి చూపుతున్న బేత్రీచే అసలు గుట్టు విప్పుతుంది. పికార్దా నిజంగా చంద్రుడి మీద ఉండదు. ఆత్మలన్నీ ఉండేది చివరి వెలుగులోనే. చూడవచ్చిన మనిషి బుద్ధి కళ్లకు కనిపించేదాన్ని పట్టుకునే తప్ప దేన్నీ గ్రహించలేదు కాబట్టి, వాళ్లు గోళాల వారీగా వచ్చి కనిపించారు. దేవదూతలకు మనిషి ముఖం గీయడం లాంటిదే ఇదీ. ముప్ఫైమూడు సర్గల గోపురాన్ని మొదలుపెడుతూనే, నాలుగో సర్గలో, ఈ అంతస్తులు మీ చూపు కోసమేనని చెప్పేయడానికి గుండె కావాలి. బహుశా దాంతే కూడా, యెషయా కథ రాసినవాడిలాగే, మెట్లను చూపించింది అవి ఎక్కడ ఆగిపోతాయో చెప్పడానికే.

అందరూ అలా ఆగలేదు. 1832 ఫిబ్రవరి 16న అమెరికాలోని ఒహాయోలో, హైరం అనే ఊళ్లో, మార్మన్ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ తనకూ తన సహచరుడు సిడ్నీ రిగ్డన్‌కూ దర్శనం కలిగిందన్నాడు. అందులో సూర్య, చంద్ర, నక్షత్ర మహిమలు మూడూ నిజంగా మూడు రాజ్యాలే. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయమే దానికి ఆధారం. ఈ బోధను మిగతా క్రైస్తవ శాఖలు అంగీకరించవు.

అంతస్తులు వద్దు, తేడా మాత్రం ఉందనేవాళ్లకు ఒక చిన్న చిత్రం దొరికింది. 18వ శతాబ్దపు న్యూ ఇంగ్లండ్‌లో ప్రొటెస్టెంట్ బోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్, ఆనందసముద్రంలో వేసిన పాత్రలు చిన్నవైనా పెద్దవైనా నిండే ఉంటాయన్నాడు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో క్యాథలిక్ ఇంటి పిల్ల తెరెజ్, దేవుడు అందరికీ ఒకే మహిమ ఎందుకివ్వడని అక్క పొలీన్‌ను అడిగింది. పొలీన్, తమ నాన్న గ్లాసును తెప్పించి, కుట్టుపని చేసేటప్పుడు వేలికి తొడుక్కునే టోపీని పక్కన పెట్టి, రెండూ నీళ్లతో నింపి, ఏది ఎక్కువ నిండిందో చెప్పమంది. ఈ సంగతి 1898లో అచ్చయిన తెరెజ్ ఆత్మకథలో ఉంది. పడని రెండు సంప్రదాయాలవాళ్లు ఒకే జవాబుకు రావడం అరుదు.

తెలుగు సభల్లో అంతస్తుల కన్నా ఎక్కువగా వినిపించేది కిరీటాల ప్రసంగం. అక్షయ కిరీటం, అతిశయ కిరీటం, నీతి కిరీటం, జీవకిరీటం, మహిమ కిరీటం అని పత్రికల్లోంచీ ప్రకటన గ్రంథంలోంచీ ఏరి, ఎవరికి ఏది దొరుకుతుందో చెప్తారు. కాపరికి మహిమ కిరీటం, శోధన సహించినవాడికి జీవకిరీటం. జెరోమ్ పంపకం కన్నా ఇది ఎంతో మెరుగు, ఎందుకంటే ఇందులో ఇల్లాలికీ కూలివాడికీ చోటుంది. కాకపోతే ప్రసంగం చాలాసార్లు కిరీటాల లెక్కతోనే ముగిసిపోతుంది. ప్రకటన గ్రంథం నాలుగో అధ్యాయం దాకా వెళ్లే బోధకులు తక్కువ. అక్కడ ఇరవైనలుగురు పెద్దలు సింహాసనాల నుంచి దిగి, తలమీది బంగారు కిరీటాలు తీసి, సింహాసనాసీనుడి ముందు వేసేస్తారు.