వార్ధక్యవర్ణనములు - పరిచారకుల భారము

మన ప్రాచీనకావ్యములందు వార్ధక్యవర్ణనములకు కొదవ లేదు. కాని అవి ముదుసలివైపునుండి సాగినవే గాని, అతనికి అన్నము పెట్టి, ఒడలు తుడిచి, రాత్రులు మేలుకొన్నవారివైపునుండి సాగినవి అరుదు. జనగామ జిల్లా పాలకుర్తి ప్రాంతముతో ముడివడిన ఇరువురు కవుల రచనలు ఆధారముగా ఈ లోపమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట బమ్మెర పోతన తెనిగించిన భాగవతము. తృతీయస్కంధమున కపిలుడు దేవహూతికి సంసారి అవసానదశను తెలుపును. కుటుంబమును పోషించినవాడు అశక్తుడు కాగానే ఆ కుటుంబమే అతనిని నిరాదరించును. సంస్కృతమూలమున ఇచ్చట ముసలియెద్దును విడిచిన సేద్యగాని ఉపమానము కలదు. చతుర్థస్కంధమునందలి పురంజనోపాఖ్యానమున దేహమే పురము, జర కాలకన్యక. ఆమె పట్టిన పురంజనుడు కాంతితోపాటు ప్రజ్ఞను గూడ కోల్పోవును, ఆలుబిడ్డలు విముఖులగుదురు. ఈ ఘట్టముల లక్ష్యము వైరాగ్యబోధ. కనుక ఇంటివారు కృతఘ్నులుగా మాత్రమే కనబడుదురు. వారు నిద్రించిరో లేదో కథ అడుగదు.

ఆ ప్రజ్ఞాక్షయమును నేటి వైద్యులు డిమెన్షియా అను వ్యాధిగా గుర్తించిరి. 2023లో వెలువడిన పరిశోధన ప్రకారము మన దేశమున అరువదేండ్లు నిండినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, దీనికి లోనైరి. 1982లో రూపొందిన ఒక ప్రసిద్ధమానము జ్ఞప్తి, దేశకాలజ్ఞానము, వివేచన, సంఘవ్యవహారము, గృహకృత్యములు, దేహశుభ్రత అను ఆరింటిని పరీక్షించి వ్యాధితీవ్రతను సున్న మొదలు మూడు వరకు నిర్ణయించును. తీవ్రతతోపాటు ఇంటివారి భారమును అదే కొలతలో పెరుగునని తోచుట సహజము. కాని 1980లో అమెరికాలో జరిట్ మొదలగువారు 29 మంది పరిచారకులను ప్రశ్నింపగా, భారము వ్యాధిలక్షణములకంటె బంధువుల రాకపోకలతో ముడివడియున్నదని తేలినది. రోగిని చూడవచ్చు బంధువులు ఎక్కువైనచోట భారము తక్కువ. రాత్రి సంచారము, అనుమానము, కోపము వంటివి భారమును మిక్కిలి పెంచునని తరువాతి పరిశోధనములు చూపినవి.

మన వాడుకమాటలును ఈ భారమును మరుగుపరచినవి. వేదవేత్తను తెలిపిన ఛాందసశబ్దము చాదస్తమై ముసలివారి మాటతీరుకు పేరైనది. అరువదేండ్లకు అరులుమరులను నానుడి వ్యాధిని వయోధర్మముగా తేల్చివేయును. రోగమే లేదన్నచో పరిచర్యకు గుర్తింపు ఎక్కడిది?

పరిచారకహృదయము మనకు దొరకునది పాల్కురికి సోమనాథుని బసవపురాణమున. అందు బెజ్జమహాదేవి తల్లి లేని శివునకు తానే తల్లియై శిశూపచారములు చేయును. శివుడు పరీక్షార్థమై గొంతునొప్పి నటింపగా తల్లడిల్లును. సేవచేయువారి భయమును, నిస్సహాయతను కవి లోపలనుండి చూచెను. అయినను ఒక భేదము గమనింపదగినది. శిశువు నానాటికి తల్లిని గుర్తించును. ఈ రోగి నానాటికి బిడ్డను మరచును. బెజ్జమహాదేవికి చివర శివుడు ప్రత్యక్షమాయెను. ఈ పరిచారకులకు అట్టి ఫలశ్రుతి లేదు.

ఇట్లు చదివినచో పిల్లల నిరాదరణను సమర్థించినట్లు కాదా అను ఆక్షేపము రావచ్చును. కాదు. ముదుసలిని విడనాడుట దోషమే; 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము దానిని శిక్షార్హము గావించినది. కాని కపిలబోధవలె చట్టమును విడిచినవానినే చూచును. విడువక అలసినవానిని చూడదు. కృతఘ్నతయు అలసటయు వెలుపలికి ఒకే తీరున కనబడవచ్చును. ఆ రెంటిని వేరుపరచి చూపుట విమర్శకుని పని.

2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో పొలమునకో బొగ్గుగనికో పోవలసిన బిడ్డలు, ఇంట ఒంటరిగా మిగిలిన కోడండ్రు ఈ భారమును మోయుచునే యున్నారు. వారి పలుకులను వారి మాండలికముననే సేకరించుట మన పరిశోధకవిద్యార్థులకు తగిన కార్యము. బంధువు వచ్చి కూర్చుండుటయే భారమును తగ్గించుననగా, చెవియొగ్గి వినుట పరిశోధన మాత్రమే గాక పరిచర్య కూడ కాగలదు.