వాకిటి యతిథి

చింత విడిచి నేటియందు జీవింపుడని బోధించు గ్రంథములకు కొదువ లేదు. వానిలో మిక్కిలి పేరొందినది అమెరికా దేశీయుడగు డేల్ కార్నెగీ 1948లో ప్రకటించిన పుస్తకము. 1913లో విలియం ఆస్లర్ అను వైద్యవర్యుడు యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు చేసిన యుపన్యాసము దానికి మొదటి యాధారము. ఓడలో నీరు వ్యాపింపకుండ గదిగదికి తలుపులు బిగించినట్లు, నిన్నకును రేపటికిని తలుపులు మూసి నేటి గదిలో వసింపవలెనని ఆస్లరు హితవు. హితవు మంచిదే. కాని యా పుస్తకముననే ఉదయమును స్తుతించు నొక చిన్న గీతమును కాళిదాసుని పేర నచ్చొత్తించిరి. కాళిదాసకృతులుగా ప్రసిద్ధికెక్కిన నాటకములలో గాని కావ్యములలో గాని దానికి మూలము మాకు కానరాలేదు.

పేరు పొరపాటును మన్నింపవచ్చును. ఈ విషయమున కాళిదాసు నిజముగా చూపినదానిని చదువరులు విడిచిపెట్టుచున్నారనియే మా విచారము.

శాకుంతలము నాల్గవ యంకారంభమును తలచుకొనుడు. భర్త రాజధాని కేగెను. శకుంతల మనస్సు నాతని వెంటనే పోయెను. దుర్వాసుడు వాకిట నిలిచి పిలిచినను ఆమె వినలేదు. శాపము వచ్చెను. ఆస్లరు తలుపులు మూయుమనగా, కాళిదాసు మూయరాని వాకిలి నొకదానిని చూపినాడు. మన చింత మన యెదుట నిలిచినవారి పాలిటి చెవిని హరించును. అయినను కవి యామెను నిందింపడు. ఆమె చింత ప్రేమనుండి పుట్టినది. ప్రేమగలవారిని చింత మానుమనుట సులభమే గాని న్యాయము గాదు.

ఆ యంకము చివర కణ్వుడు కూతురి నంపి, ఇల్లడ సొమ్ము తిరిగి యిచ్చినవానివలె తేలికపడును. ఈ భావమును మే మంగీకరింపజాలము. కూతురిని పరధనమని యెంచు తండ్రికి ఆమె యింట నున్న దినములన్నియు అప్పగింతల దినమునకు మెట్లు మాత్రమే యగును. 1961లో కట్నమును నిషేధించు చట్టము వచ్చినను మన యిండ్లలో ఆ లెక్క యాగలేదు. సంస్కారులమని చెప్పుకొను మేమును దానిని వేసినవారమే. ఒక సాయంకాలము పెండ్లి ఖర్చులు వ్రాసికొనుచుండగా, మా కుమార్తె బీజగణితపు లెక్క యొకటి చూపవచ్చి, కొంతసేపు నిలిచి, మేము తల యెత్తకుండుట చూచి వెడలిపోయెను. పుస్తకము మూసిన చప్పుడు విని గాని మాకు తెలియలేదు. ఆమె శపింపలేదు. మరునాటినుండి లెక్కలు చూపుట మానెను.

రేపటి ఖర్చు వ్రాయక తప్పదు. వ్రాయుచునే వాకిటి పిలుపునకు చెవి తెరచియుంచుటయే నేటియందు జీవించుట యని మా కిప్పటికి తోచినది. ఈ నాటకమును వీరేశలింగముగారు తెనిగించియున్నారు. చదువరులు నాల్గవ యంకమును ఇంటివారికి చదివి వినిపింతురు గాక. కన్నీరు తెప్పించు వీడ్కోలునకు ముందే వచ్చు నా పిలుపు కడ ఒక్క నిమిషము నిలుతురు గాక.