డ్రైవర్ మారితే డిస్కు పేరెందుకు మారాలి?

చేవెళ్ల పక్కనే, షాబాద్ మండలంలో చందన్‌వెల్లి ఉంది. 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్ కోసం అమెజాన్ తన క్లౌడ్ డేటా సెంటర్లకు ఎంచుకున్న చోట్లలో అదొకటి. ఆ క్లౌడ్‌లో పాత జెన్ రకం మెషీన్‌ను నైట్రో రకానికి మార్చేవాళ్లకు ఒక చిక్కు ఉంది. నిన్నటిదాకా ఎక్స్‌వీడీఏగా ఉన్న డిస్కు ఎన్‌వీఎంఈ డ్రైవర్ చేతికి వెళ్లి ఇంకో పేరుతో లేస్తుంది. లోపలి డేటాలో ఒక్క బైటు కూడా మారదు. ఇది పాత కథే. 2007లో ఫెడోరా 7 లిబాటాకు మారినప్పుడు హెచ్‌డీఏ కాస్తా ఎస్‌డీఏ అయింది. 2012 జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 9.0లో ఏడీ4 పోయి ఏడీఏ0 వచ్చింది. 2016 అక్టోబర్ 11న పరిగి రంగారెడ్డి జిల్లా నుంచి వికారాబాద్ జిల్లాకు మారింది కానీ ఊరు ఉన్నచోటే ఉంది. ఇదీ అంతే. ఎస్‌డీఏ అన్నది డిస్కు పేరు కాదు, ఏ డ్రైవర్ దాన్ని ఎన్నోదిగా గుర్తించిందో చెప్పే మాట. ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్‌లో దాన్ని రాసిపెట్టుకోవడమే అసలు తప్పని నా వాదన.

బూట్ ఆగిపోతే ఆగిపోనీ, కనీసం సంగతి తెలుస్తుంది. నాకు అంతకన్నా భయం వేరే ఉంది. డేటా డిస్కులు రెండున్న మెషీన్‌లో ఎన్‌వీఎంఈ పేర్లు మనం జోడించిన వరుసలోనే వస్తాయన్న హామీ లేదు. బ్యాకప్ డిస్కు డేటాబేస్ స్థానంలో మౌంటైతే ఎర్రర్ ఏదీ రాకపోవచ్చు. అందుకే ఎఫ్‌స్టాబ్‌లో ఆ పేరుకు బదులు, ఫైల్‌సిస్టమ్‌కు మనం పెట్టుకున్న లేబుల్ రాయాలంటాను. లేబుల్ పార్టిషన్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి డ్రైవర్ ఏదైనా దానితోపాటే వస్తుంది.

యూయూఐడీ ఉండగా లేబుల్ దేనికని అడుగుతారు. రెండు డిస్కులకు ‘రూట్’ అనే లేబులే ఉంటే తగువే, ఒప్పుకుంటాను. కానీ మొయినాబాద్ ఇంజినీరింగ్ కాలేజీల్లాంటి చోట ల్యాబ్ మెషీన్లన్నిటినీ ఒకే డిస్కు నుంచి క్లోన్ చేస్తే యూయూఐడీలు కూడా ఒకటే అవుతాయి. పైగా 128 బిట్ల సంఖ్యను అర్ధరాత్రి రెస్క్యూ కన్సోల్‌లో కళ్లతో పోల్చడం ఎవరి తరం? ఎక్స్‌ట్4 లేబుల్‌కు 16 బైట్లు ఇస్తుంది. మెషీన్ పేరు, పని కలిపి రాయడానికి అవి చాలు. ఫ్రీబీఎస్‌డీలో ఫైల్‌సిస్టమ్ లేని స్వాప్‌కు మాత్రం, లేబుల్ పెట్టే ట్యూన్‌ఎఫ్‌ఎస్ పనికిరాదు, జీపీటీ లేబుల్ లాంటిది పెట్టాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే.

డిస్కు ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్‌కు ఇదంతా అనవసరమనేవాళ్లతో నాకు పేచీ లేదు. మిగతావాళ్లకు వరుసే ముఖ్యం: పాత డ్రైవర్ నడుస్తుండగానే లేబుళ్లు పెట్టి, ఎఫ్‌స్టాబ్ మార్చి, అదే డ్రైవర్‌తో ఒకసారి రీబూట్ చేసి చూడాలి. అప్పుడే డ్రైవర్ జోలికి పోవాలి. రెండూ ఒకేసారి మారిస్తే, బూట్ కానప్పుడు తప్పు లేబుల్‌దో డ్రైవర్‌దో తేలదు.