గీత గీసే చేతిని చూడాలి

కార్టూనిస్టు ఎదురుగా కూర్చుని బొమ్మ వేస్తుంటే చూసినవాళ్ళు ఆ ముచ్చట ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. ముందు పెన్సిలుతో కనీకనపడని గీత. దాని మీద ఇంకు. కొందరు ముక్కుతో మొదలెడతారు, కొందరు కళ్ళజోడుతో. మూడు గీతలు పడేసరికి పడక్కుర్చీ వచ్చేస్తుంది. మరో నాలుగు పడితే అందులో పేపరు అడ్డం పెట్టుకున్న మొగుడు, వెనకాల అట్లకాడతో నిలబడ్డ పెళ్ళాం. మాట ఇంకా రాయనేలేదు, చుట్టూ మూగినవాళ్ళు అప్పుడే నవ్వేస్తుంటారు.

హైదరాబాదులో 2013లో కామిక్ కాన్ అనే బొమ్మల కథల వేడుక మొదలైంది. అభిమాన చిత్రకారుడి సంతకం కోసం కుర్రకారు బారులు తీరడం అక్కడ మామూలే. సూపర్‌హీరో వేషాలు కట్టుకుని తిరిగే పిల్లల హుషారు చూడ్డానికి బాగానే ఉంటుంది. అయితే అలాంటి తిరునాళ్ళలో నడిమధ్య బల్లలు తెలుగు కార్టూనిస్టులకే దక్కాలి. వాళ్ళది ఎవరికీ తీసిపోని పని.

తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు ‘భారతి’ పత్రిక రోజులవారు. ఆ తరవాత బాపు. ముళ్ళపూడి వెంకటరమణ రాసిన బుడుగుని బాపు గీసిన రూపంలో తప్ప మరోలా ఊహించుకోవడం తెలుగువాడి వల్ల కాదు. బాపు కుంచె జడ దగ్గర లావెక్కి, నడుము దగ్గర సన్నబడి, పాదం దగ్గరికొచ్చేసరికి మాయమవుతుంది. గీత ఆపేసిన చోట మిగతాది చూసేవాడి కన్నే పూరించుకుంటుంది. ఆ ఆపడంలోనే ఉంది విద్యంతా. ఆయన చేతిరాత కూడా బొమ్మే. అందమైన అమ్మాయిని ‘బాపు బొమ్మ’ అనడం భాషలోకే వచ్చేసింది. ఇంత గౌరవం దక్కిన చిత్రకారుడు ఇంకే భాషలో ఉన్నాడో చూపించమనండి!

మద్రాసులో జంతుశాస్త్రం పాఠాలు చెప్పిన జయదేవ్‌ది ఇంకో దారి. మాట అవసరం లేని కార్టూన్ ఆయన సొంత సొత్తు. కింద వ్యాఖ్య లేకుండా నవ్వించాలంటే ఒక్క గీత ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే.

ఆ జయదేవ్‌ని గురువుగా తలచుకున్న విశాఖపట్నం అమ్మాయి రాగతి పండరి. పోలియో వచ్చిన మనిషి. ఎనిమిదేళ్ళకే కార్టూన్లు గీయడం మొదలెట్టారు. మగవాళ్ళే గీస్తున్న రంగంలో ఒక్కత్తే నిలబడి వేల కార్టూన్లు వేశారు. చీరల బేరాలు, వంటింటి అలకలు, పక్కింటి కబుర్లు, ఎన్నికల వాగ్దానాలు, ఆమె కలానికి దొరకని సంగతి లేదు. ‘నా గురించి నేను’ అని ఆత్మకథ రాసుకుని 2015లో వెళ్ళిపోయారు. తెలుగు మహిళా కార్టూనిస్టు అనగానే మొదట గుర్తొచ్చే పేరు ఆమెదే. ఆవిడకు దక్కాల్సినంత గౌరవం దక్కలేదనే మాట గట్టిగానే చెప్పాలి.

‘కార్టూన్ కబుర్లు’ రాసిన కార్టూనిస్టు మోహన్ చుట్టూ చేరి గీత దిద్దుకున్నవారు ఎందరో. పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా కారికేచర్ 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రీ గెలుచుకుంది. ప్రపంచం మొత్తం మీద మొదటి బహుమతి తెలుగు పత్రికలో పడిన బొమ్మకు!

ఇలాంటి సంపదని ఏం చేస్తున్నారు? బాపు బొమ్మని ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి, మూల సంతకం కత్తిరించి, పెళ్ళి శుభలేఖల మీదా ఫ్లెక్సీల మీదా అచ్చేస్తున్నారు. పాత కార్టూన్‌లో వ్యాఖ్య చెరిపేసి, తమ మాట అతికించి ఫోన్లలో పంచుతున్నారు. గీసినవాడి పేరు పోయింది, పారితోషికం పోయింది. ఇప్పుడు యంత్రానికి నాలుగు ముక్కలు చెప్పి బొమ్మ రాబట్టి, అదీ కార్టూనే అంటున్నారు. అది దొంగ సరుకు. ‘భారతి’ ఆగిపోయింది, ‘ఆంధ్రపత్రిక’ వీక్లీ ఆగిపోయింది, ‘చందమామ’ కూడా ఆగిపోయింది. కొత్త కుర్రాడి తొలి కార్టూన్ అచ్చయ్యే చోటేదీ? ‘హాస్యానందం’ లాంటి పత్రికలు ఒకటి రెండు చెయ్యి పట్టుకోకపోతే ఈ పాటికి గీత పూర్తిగా చెరిగిపోయేది.

అందుకే కార్టూనిస్టుల్ని జనం మధ్యకి తీసుకెళ్ళాలి. హైదరాబాదుతో ఆగకూడదు, అండమాన్ దాకా వెళ్ళాలి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. సిక్కోలు, విశాఖ తీరాల నుంచి వలస వెళ్ళిన కుటుంబాలు అక్కడ ఎన్నో. అక్కడి పిల్లలకి బుడుగు ఎవరో చెప్పేదెవరు? పండరి ఊరి రేవులో ఓడ ఎక్కితే పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం, రెండు రోజులు దాటిన ప్రయాణం. దీవుల తెలుగువాళ్ళు పిలవాలి, కార్టూనిస్టులు కదలాలి, ఓడ ఖర్చు భరించే పెద్దమనుషులు ముందుకు రావాలి. అక్కడ దిగాక కావాల్సింది ఓ బడి వరండా, నాలుగు బల్లలు, దస్తా తెల్ల కాగితాలు, రెండు ఇంకు సీసాలు.